ఉపవాసాల యేసుమణి

యేసుమణి మూడోసారి బాత్రూం గడియ తీసుకుని బయటికొచ్చింది. తూర్పు ఇంకా ఎర్రబడలేదు గానీ కోళ్లు లేచాయి. వేడినీళ్లు ఇంకో గ్లాసు తాగి, పొయ్యి దగ్గర నుంచి దడి దాకా, దడి నుంచి పొయ్యి దాకా నడక మొదలుపెట్టింది. అటు నలభై అడుగులు, ఇటు నలభై అడుగులు. ఇరవై ఆరేళ్లుగా ఇదే వరస. ఊరు నిద్ర లేచేలోపు కడుపులో ఉన్నదంతా పోవాలి, పోయిందని ఆమెకు నమ్మకం కుదరాలి. అప్పుడుగానీ గడప దాటదు. ఎప్పుడూ పళ్లు బిగించుకుని నడిచే మనిషి ఈ రోజు పాట అందుకుంది. పైకి వినపడేట్టే పాడింది.

వాకిట్లో మంచం మీద ముసుగు తన్ని పడుకున్న మొగుడు సుందరరాజు దుప్పట్లోంచే అడిగాడు.

"ఏంది మేయ్, కోళ్లకు పోటీగా?"

"ఇయ్యాల గిద్దలూరు పోతన్నా గదా."

"తెలుసులే. వారం నుంచి అదే వింటన్నా."

సుందరరాజు తాపీ పని చేస్తాడు. మాటలు తక్కువ. పల్లె మొత్తం చెంబు పట్టుకుని పొలాల్లోకి పోయే రోజుల్లోనే ఆయన పెరట్లో బాత్రూం కట్టాడు. ఎవరైనా వెటకారంగా అడిగితే, "రేపు అల్లుడొస్తే కావొద్దా?" అనేవాడు. అప్పటికి కూతురు ఫెబీకి మూడేళ్లు. ఎందుకు కట్టాడో భార్యతో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. తలుపుకి లోపలా బయటా నూనె వేసి, గడియ ఒక్క వేలితో పడేట్టు చేసిచ్చాడు. ఆ గడియ అంత తేలిగ్గా ఎందుకు పడాలో మాత్రం ఇద్దరికీ తెలుసు.

ఆమె సంచి సర్దుకుంది. పాత నేతచీర చింపి, నాలుగు మడతలు వేసి కుట్టుకున్న గుడ్డలు. ఒక లంగా. సబ్బుముక్క. ముడేస్తే వాసన బయటికి రాని మందపాటి కవర్లు రెండు. నీళ్ల సీసా. సంచి లేకుండా ఆమె చర్చికి పోదు, పెళ్లికి పోదు, పనికి పోదు. అందులో బైబిలు ఉంటుందని ఊళ్లో అందరి నమ్మకం. ఉంటుంది కూడా, అన్నిటికంటే పైన. ఈ రోజుకు రెండు గుడ్డలు చాలనుకుంది. ధైర్యం చాలక నాలుగు పెట్టింది. మళ్లీ తన మీద తనకే కోపం వచ్చి ఒకటి తీసి దండెం మీద వేసింది.

సుందరరాజు లేచి కూర్చుని ఆమె మొహానికి పౌడరు రాసుకోవటం చూశాడు.

"వ్యాను గదా. దిగాలంటే ఆపుతారో లేదో."

"ఆపకపోతే అరుస్తా."

"నువ్వా?" అన్నాడాయన. తర్వాత నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వితే జారుతుందేమోనన్న భయం రాలేదని ఆమెకు రెండు నిమిషాలు ఆగి తట్టింది. ఇవ్వాళ్టికి పంతొమ్మిది రోజులు. పంతొమ్మిది రోజుల నుంచి గుడ్డ మార్చాల్సిన పని పడలేదు. ఆ మాట తల్చుకుంటే చాలు, ఆమెకు కాళ్లు నేల మీద నిలవటం లేదు.

తర్లుపాడు పోయే రోడ్డు పక్కన పలకల షెడ్డు. ఆరింటికి తెరుస్తారు. వ్యాను తొమ్మిదికి షెడ్డు దగ్గరికే వచ్చి ఎక్కించుకుంటుందని చెప్పారు కాబట్టి, అందాకా ఊరికే కూర్చోవటం ఎందుకని యేసుమణి పనికొచ్చింది. బడిపిల్లల పలకలవి. కోసి నునుపు చేసిన నల్లరాయికి నాలుగు వైపులా చెక్క బద్దలు చేర్చి, మూలల్లో రేకు పెట్టి సుత్తితో కొట్టాలి. ఇరవై మంది ఆడవాళ్లు రెండు వరసల్లో కూర్చుంటారు. యేసుమణిది ఎప్పుడూ వెనక గోడ వార చివరి చోటు. ఫ్యాను గాలి అక్కడికి రాదు, రాతిపొడి మొత్తం అక్కడికే వస్తుంది. ఎవరికీ అక్కర్లేని ఆ చోటుని ఆమె ఏళ్ల తరబడి వదల్లేదు. ఎందుకంటే అక్కడ గోడకి చిన్న తలుపుంది, తలుపు అవతల కంపచెట్లున్నాయి.

పక్కన కూర్చునే శ్రీశైలమ్మకు ఆ సంగతి తెలుసు. షెడ్డు మొత్తంలో ఆమె ఒక్కతికే తెలుసు. గొర్రెలున్న ఇంటి మనిషి. పొట్ట, పేడ, పురుడు అంటే మొహం చిట్లించే రకం కాదు. పదేళ్ల కిందట ఒకసారి యేసుమణి లేవబోయి లేవలేక అట్లాగే కూర్చుండిపోతే, శ్రీశైలమ్మ తన బిందెలో నీళ్లు కావాలని ఆమె మీద ఒంపి, "అయ్యో వదినా, చెయ్యి జారింది, పో, చీర మార్చుకో పో" అని అందరికీ వినపడేట్టు అరిచింది. ఆ తర్వాత ఆ విషయం ఇద్దరూ ఎత్తుకోలేదు.

యేసుమణి పలక ఒళ్లో పెట్టుకుని బద్ద చేర్చి సుత్తి ఎత్తింది. ఎత్తి, కింద కండరం బిగబట్టి, లోపల్లోపల పది లెక్కపెట్టి, వదిలి, అప్పుడు కొట్టింది.

"అదేం కొట్టుడు వదినా? పలకని భయపెడతన్నావా?" అంది శ్రీశైలమ్మ.

"నర్సమ్మ చెప్పిన ఎక్సర్‌సైజు. పలకకొకటి."

"ఆ మొగం చూస్తే మేస్త్రి జడుసుకుంటాడు. కొంచెం నవ్వు మొగం పెట్టి బిగించు."

ఇద్దరూ కిసుక్కున నవ్వారు. "టిఫిను తెచ్చినా," అంది యేసుమణి గొంతు తగ్గించి. "ఎనిమిదికి తింటా. తిన్న అరగంటకి వెనక్కి పోయి వస్తా. తొమ్మిదికి వ్యానెక్కుతా." ఇంత పెద్ద పథకం ఆమె జీవితంలో వేసింది లేదు.

ఆమె అట్లా మురిసిపోవటానికి కారణం ఉంది. ఫెబీ పుట్టినప్పుడు నొప్పులు రెండు రోజులు పట్టాయి. పిల్ల దిట్టంగా, పెద్ద తలతో పుట్టిందని అందరూ మురిసిపోయారు. తల్లికి కింద ఎంత చినిగిందో చూసింది మంత్రసాని ఒక్కతే. ఆమె పసుపు పెట్టి కట్టి, ఎవరికీ చెప్పకుండా, పురిటికి పెట్టిన చీర తీసుకుని వెళ్లిపోయింది. అత్త పిచ్చమ్మ, "బాలింతవి గదా, నెలకల్లా సర్దుకుంటదిలే" అంది. నెల పోయింది, ఏడాది పోయింది, అత్త కూడా పోయింది. అది మాత్రం సర్దుకోలేదు. తుమ్మితే భయం, దగ్గితే భయం, బరువెత్తితే భయం. ఒక ఆదివారం చర్చిలో ప్రభుబల్ల వరసలో నిలబడి, పాస్టరుగారి చేతిలో రొట్టెముక్క ఆమెకు రెండు మూరల దూరంలోకి వచ్చినప్పుడు, ఆమె వెనక్కి తిరిగి పరిగెత్తింది. ఏ పాపం చేసిందో అని నెల రోజులు చెప్పుకున్నారు. ఆ ఆదివారం నుంచి చాప చివర, తలుపు పక్కన కూర్చోవటం అలవాటు చేసుకుంది. ఏదైనా ముఖ్యమైన రోజయితే అంతకు ముందు పూట నుంచే తినటం మానేసింది. లోపల ఏమీ లేకపోతే బయటికి ఏమొస్తుందని ఆమె లెక్క.

ఈ తినకపోవటమే ఆమె కొంప ముంచింది. ముంచిందో నిలబెట్టిందో చెప్పటం కష్టం. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరో పులిహోర పంచుతుంటే ఆమె వద్దంది. "ఉపవాసమా అక్కా?" అన్నారు. ఆమె తలూపింది. ఊపింది ఒక్కసారే. ఆ ఊపు ఇరవై ఆరేళ్లు ఆగలేదు. పెళ్లిలో తినదు, ఉపవాసమట. బస్సెక్కే రోజు పచ్చినీళ్లు ముట్టదు, ఉపవాసమట. తలుపు దగ్గర కూర్చుంటుంది, ఎంత తగ్గింపు! చూస్తుండగా పక్క పల్లెల వాళ్లు కూడా ప్రార్థన మనవులు పట్టుకుని రావటం మొదలుపెట్టారు. పిల్లాడి పరీక్ష, గేదె చూడి, దుబాయి వీసా. ఆమె కాదనలేక ప్రతిదానికీ మోకాళ్లేసింది. నాగేంద్రమ్మ చేలో మూడు బోర్లు ఎండిపోయి నాలుగోది పడేసరికి 'ఉపవాసాల యేసుమణి' అన్న పేరు ముద్ర పడిపోయింది. కనిగిరిలో ఫెబీ పెళ్లి రోజు ఆమె మండపం ఎక్కలేదు. వెనక వంటల దగ్గర, బాత్రూంకి దగ్గరగా నిలబడింది. ఆల్బంలో పెళ్లికూతురి తల్లి ఒక్క ఫొటోలోనూ లేదు. ఫెబీ ఏడిస్తే, "మీయమ్మ మీ కోసం ఉపవాసముండి ప్రార్థన చేస్తా ఉండింది" అని చుట్టాలే సముదాయించారు. ఆ ఒక్క మాటకి మాత్రం యేసుమణి ఎవరినీ క్షమించలేకపోయింది. తనని కూడా.

మూడు నెలల కిందట, వారానికొకసారి తెరిచే ఊరి క్లినిక్కుకి కొత్త నర్సు వచ్చింది. పేరు రాధాకుమారి, కూతురంత పిల్ల. సర్వే కాగితం పట్టుకుని ఇంటింటికీ తిరుగుతూ, తల ఎత్తకుండా టిక్కులు పెట్టుకుంటూ అడుగుతోంది. బీపీ ఉందా, షుగరుందా, ఆయాసం ఉందా. అదే గొంతుతో, "దొడ్డికి ఆపుకోలేకపోవటం ఏమైనా ఉందామ్మా?" అంది. యేసుమణి గడపని పట్టుకుంది. ఇరవై ఆరేళ్లలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆ పిల్ల. టిక్కు పెట్టబోతూ తల ఎత్తి చూసిన నర్సు, పెన్ను మూసేసి చాప మీద ఆమె పక్కన కూర్చుంది. మార్కాపురం తీసుకుపోయి డాక్టరుకి చూపించింది. మాత్రలు రాయించింది, బిగించి వదిలే ఎక్సర్‌సైజు నేర్పింది. తగ్గకపోతే కుట్టు వేసే ఆపరేషను కూడా ఉందని చెప్పింది. తినకుండా ఉండటం మీద మాత్రం గట్టిగా కోప్పడింది. "కడుపు మాడిస్తే అది మాట వినదమ్మా. టైముకి తిను, టైముకి పో. దానికీ ఒక అలవాటు చెయ్యి." ఇంతే. ఇంత చిన్న మాట కోసం తను ఇన్నేళ్లు ఆగాననుకుంటే యేసుమణికి ఒక్కోసారి ఒళ్లు మండిపోయేది. ఎక్కువసార్లు మాత్రం ఎగిరి గంతెయ్యాలనిపించేది.

ఇంతలోకి గిద్దలూరులో స్త్రీల సమాజం సభలు. కరపత్రంలో ఆమె పేరు అచ్చయింది. ఇరవై ఆరేళ్ల ఉపవాస ప్రార్థన గురించి సహోదరి యేసుమణి సాక్ష్యం. పాత యేసుమణి అయితే జ్వరమని పడుకునేది. కొత్త యేసుమణి వస్తానంది. తిని వస్తానని, నలుగురితో పాటు వ్యానులో మధ్యలో కూర్చుని వస్తానని మనసులో ఒట్టు పెట్టుకుంది. సాక్ష్యంలో ఏం చెప్పాలో మాత్రం ఆమెకు ఇంకా తెలియదు.

ఏడున్నరకే వ్యాను హారన్ మోగింది.

"ముందే వచ్చినారేంది!" యేసుమణి సుత్తి కింద పడేసింది. టిఫిను గిన్నె మూతైనా తీయలేదు. పాస్టరుగారి భార్య హెప్సిబా అమ్మగారు కిటికీలోంచి చెయ్యూపుతోంది. ముప్పై అయిదేళ్ల చురుకైన మనిషి, ఏ పనైనా గంట ముందు మొదలుపెడుతుంది. "రండక్కా, దారిలో పాటలు ప్రాక్టీసు చేసుకోవాలి!"

శ్రీశైలమ్మ గిన్నె ఎత్తి చేతికివ్వబోయింది. వ్యానులో పదిమంది ఆడవాళ్లు యేసుమణినే చూస్తున్నారు, భక్తిగా. ఆమె గిన్నె తీసుకోలేకపోయింది.

"తినవా?"

"దారిలో తింటాలే."

"తినాల మరి," అంది శ్రీశైలమ్మ ఆమె కళ్లలోకి చూసి. "తినకుండా తిరిగొచ్చినావంటే ఈసారి బిందె కాదు, తొట్టే కుమ్మరిస్తా."

ఎక్కగానే అమ్మగారు ఆమెను వ్యాను నడుమ వరసలో మధ్య సీట్లో కూర్చోబెట్టింది. ఒక పక్క బోరు పడిన నాగేంద్రమ్మ, ఇంకో పక్క సుబ్బులు. సుబ్బులు చిన్నది, ఆరు నెలల కిందట రెండో కాన్పు అయింది. ఆదివారం ఆఖరి ప్రార్థన కాకముందే చర్చిలోంచి జారుకుంటుందని ఆడవాళ్లందరూ దెప్పుతుంటారు. తలుపు ఎక్కడో ముందుంది. యేసుమణి అలవాటుగా దాని వంక చూసి, కావాలని చూపు తిప్పుకుంది. తనది భయమో సంతోషమో తేల్చుకునే తీరిక లేదు, వ్యాను కదిలింది.

"అందరికీ ఒక మాట!" అమ్మగారు లేచి నిలబడింది. "ఈ రోజు మన యేసుమణక్కతో కలిసి మనమందరం ఉపవాసముంటున్నాం. సాయంత్రం సభ ముగిసేదాకా. పొద్దున ఎవరూ ఏమీ తినలేదు గదా?"

"లేదమ్మగారూ," అన్నారు. కొన్ని గొంతుల్లో బలం లేదు.

యేసుమణికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నేళ్లూ తను ఒక్కతే కడుపు మాడ్చుకుంది. ఇప్పుడు పదకొండు కడుపులు ఆమె పేరు మీద మాడుతున్నాయి. నాగేంద్రమ్మకు షుగరు. ఆవులిస్తూ, నీరసంగా ఆమె భుజం మీదికి ఒరిగి, "నీతో పాటంటే మాటలా తల్లీ, నువ్వెట్ల ఉంటావో ఇన్నేండ్లు" అంది. చంటిపిల్లను ఇంట్లో వదిలొచ్చిన సుబ్బులు సీటు కమ్మీ పట్టుకుని కళ్లు మూసుకుంది. రెండు వైపులా చేలు, మధ్యలో రైలు కట్ట, దూరంగా నల్లమల కొండలు పోతూనే ఉన్నాయి. పాటలు పాడుతున్నారు. ప్రతి స్పీడుబ్రేకరు దగ్గరా యేసుమణి బిగబట్టి పది లెక్కపెట్టింది. నిలిచింది. ప్రతిసారీ నిలిచింది. నిలిచిన ప్రతిసారీ ఆమె పాట ఒక శ్రుతి పైకి పోయింది. నాగేంద్రమ్మ తల తిప్పి, "ఆత్మ దిగింది చూడు" అంది పక్కవాళ్లతో.

కంభంలో డ్రైవరు రమణ వ్యాను ఆపాడు. బస్టాండు ఎదురుగా హోటలు. "నేను ఉపవాసం కాదమ్మగారూ, ఇంత టిఫిను తినొస్తా" అని దూకి పోయాడు. కాళ్లు సాగదీసుకోవటానికని ఆడవాళ్లందరూ దిగారు. దిగినవాళ్లు హోటలు ముందు నుంచి కదలరే! పెనం మీద దోసె చుయ్యిమంటోంది. బొరుగుల ఉగ్గాణి మీద పుట్నాలపొడి చల్లుతున్నారు. పూరీ ఉబ్బుతుంటే పన్నెండు జతల కళ్లు దానితో పాటు పైకి లేచాయి. "అటు చూడొద్దు, అది శోధన," అంది అమ్మగారు. ఆమె కూడా అటే చూస్తోంది.

యేసుమణి టైము అడిగింది. ఎనిమిదీ నలభై. తను తినాల్సిన పొద్దు దాటిపోతోంది. ఇప్పుడు తినకపోతే సాయంత్రం దాకా లేదు. ఇప్పుడు తినకపోతే సాయంత్రం స్టేజీ ఎక్కి ఇరవై ఆరేళ్ల అబద్ధాన్ని మైకులో చెప్పాలి, చెప్పాక ఇక బతికినన్నాళ్లూ చాప చివరే. నాగేంద్రమ్మ చేతులు వణకటం కూడా ఆమె చూసింది. అప్పుడిక ఆలోచించలేదు. హోటలు మెట్లెక్కి, తలుపు దగ్గరున్న బల్ల దాటి, గోడ పక్కనున్న బల్ల దాటి, హాలు నట్టనడుమ బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది.

"రెండు ఇడ్లీ, ఒక వడ," అంది.

"అక్కా!" అమ్మగారు పరిగెత్తుకుంటూ లోపలికొచ్చింది. వెనకే తక్కినవాళ్లు. "ఏమైందక్కా? కళ్లు తిరుగుతున్నాయా?"

"లేదమ్మగారూ. ఆకలైతంది."

"మరి ఉపవాసం?"

యేసుమణి లేచి నిలబడింది. సంచి బల్ల మీద పెట్టింది. గొంతు పలకల షెడ్డులో మాట్లాడినట్టు మామూలుగా వచ్చింది.

"నేను ఉపవాసం ఎప్పుడూ ఉండలేదమ్మా. కడుపు మాడ్చుకున్నా, అంతే. తింటే ఆగదని. ఫెబీ పుట్టిన కాడ్నుంచి నాకు దొడ్డికి ఆపుకోవటం కాదు. ఉన్నట్టుండి అయిపోతది. అందుకే తలుపు కాడ కూచుంటా. అందుకే పెండ్లిళ్లలో తినను. ఈ సంచిలో బైబిలు కింద గుడ్డలుంటాయి. ఇప్పుడు మన క్లినిక్కు నర్సమ్మ మందులిప్పించింది, టైముకి తినమంది. మీరు ఉపవాసం అన్నారు, నేను తలూపినా. తప్పు నాదే."

రమణ పూరీ ముక్క చేత్తో పట్టుకుని గోడ వైపు తిరిగాడు. ముందు తేరుకున్నది నాగేంద్రమ్మ.

"మరి మా బోరు?" అంది.

"ప్రార్థన నిజంగానే చేసినా పిన్నీ. మోకాళ్లు నొప్పి పుట్టేదాకా చేసినా. తినకుండా ఉండింది మాత్రం దేవుని కోసం కాదు."

నీళ్లు ఎలాగూ పడ్డాయి కాబట్టి నాగేంద్రమ్మకు పెద్ద ఇబ్బంది కనపడలేదు. యేసుమణి ఎదురుగా కుర్చీలో కూలబడి, "నాకూ రెండు ఇడ్లీ చెప్పు నాయనా, షుగరు పడిపోయేట్టుంది" అంది హోటలు మనిషితో.

అమ్మగారు కూర్చోలేదు. మొహం ఎర్రబడింది. కరపత్రాలు పంచిందామె, పెద్ద సభలో పేరు ఇచ్చిందామె. "ఇరవై ఆరేళ్లు," అంది చివరికి. "నేనొచ్చి తొమ్మిదేళ్లయింది. నాకైనా ఒక్క మాట చెప్పలేదే అక్కా?"

"మీరు అడగలేదమ్మగారూ. ఉపవాసమా అనే అడిగినారు."

ఆ మాటకి అమ్మగారు తల దించుకుంది. తర్వాత కొంగు నడుముకి దోపి, పక్క బల్ల తెచ్చి ఈ బల్లకి చేర్చి, "కూర్చోండి అందరూ. నిలబడి చూస్తారేంది?" అని కసురుకుంది. కళ్లు తుడుచుకున్నది మాత్రం ఎవరూ చూడకూడదని అటు తిరిగింది.

ఇంక చూడాలి ఆ తినటం! ఇడ్లీలు, ఉగ్గాణి, దోసెలు, పూరీలు. ఇంత రుచి ఉంటుందా ఇడ్లీకి అనుకుంది యేసుమణి. పక్క మనిషి మోచెయ్యి తగులుతూ, చట్నీ గిన్నె చేతులు మారుతూ, నలుగురి మధ్యలో కూర్చుని హోటల్లో తినటం ఆమెకు పెళ్లయ్యాక ఇదే మొదలు. నాగేంద్రమ్మ తన పూరీలో సగం తుంచి ఆమె ప్లేటులో వేసింది. నర్సమ్మ ఇడ్లీ మాత్రమే అనలేదు కదా అని ఆమె అది కూడా తినేసింది. "గిద్దలూర్లో ఏం చెప్తావు మరి?" అని ఎవరో అడిగితే, "ఇదే చెప్తా" అంది. అమ్మగారు టీ గ్లాసు దించి, "చెప్పండక్కా. ఇదే చెప్పండి" అంది.

చేతులు కడుక్కునేసరికి కడుపులో కదిలింది. యేసుమణికి ప్రాణం పోయినంత పనైంది, ఒక్క క్షణమే. బిగబట్టింది. నిలిచింది. అప్పుడు జీవితంలో మొదటిసారి గొంతెత్తి, అందరి ముందూ అడిగింది.

"అయ్యా, బాత్రూం ఎక్కడ?"

హోటలు వెనక పెరట్లో ఉంది. పరిగెత్తలేదు, నడిచి పోయింది. గడియ బిర్రుగా ఉన్నా ఓపిగ్గా వేసింది. టైముకి తినింది, టైముకి పోయింది. చీర తడి కాలేదు, గుడ్డ తడి కాలేదు. లోపల ఒక్కతే నిలబడి చిన్నపిల్లలా నవ్వుకుంటుంటే, తలుపు అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు.

"అత్తా. నేను, సుబ్బులుని."

"వస్తన్నా అమ్మా. అర్జంటా?"

"కాదు." తలుపుకి చెయ్యి ఆనించిన చప్పుడు. "అత్తా, ఆ నర్సమ్మ ఏ వారం వస్తది?"

యేసుమణి నవ్వు ఆగిపోయింది. ఆదివారం ఆఖరి ప్రార్థనకి ముందే జారుకునే పిల్ల. ఆరు నెలల బాలింత. తలుపు తీస్తే ఆ మాట మళ్లీ లోపలికి పోతుందేమోనని ఆమె గడియ తీయలేదు. మూసిన తలుపులోంచే చెప్పింది.

"మంగళవారం. నేను నీతో వస్తా. నువ్వు నా మాదిరి ఇరవై ఆరేండ్లు ఆగొద్దు బిడ్డా."

అవతల వెక్కిళ్లు వినపడ్డాయి. తర్వాత ముక్కు చీదిన చప్పుడు. తర్వాత, "సరే అత్తా."

రోడ్డు మీద వ్యాను హారన్ మోగింది. వెంటనే అమ్మగారి గొంతు, వీధి మొత్తానికి వినపడేట్టు: "హారన్ కొట్టొద్దు నాయనా! వాళ్లని నిమ్మళంగా రానియ్. ఎంతసేపైనా ఉందాం."

తన కోసం ఒక బండి ఆగి ఉండటం యేసుమణి ఎప్పుడూ ఎరగదు. ఆ ఆగటాన్ని ఆమె కొంచెంసేపు అనుభవించింది. కాళ్లు కడుక్కుంది, మొహం కడుక్కుంది, కుచ్చెళ్లు సర్దుకుంది. బయటికొచ్చి సుబ్బులు చెయ్యి పట్టుకుని, హోటలు మధ్యలోంచి నడిచి వ్యానెక్కింది. ఎక్కి కిటికీ పక్కన, తలుపుకి దూరంగా కూర్చుంది. పన్నెండు మంది ఒకేసారి పాట ఎత్తుకున్నారు. వ్యాను గిద్దలూరు రోడ్డు పట్టి, చెరువు వైపు మలుపు తిరిగి, కనపడకుండా పోయింది.

హోటల్లో నడుమ బల్ల మీద ఆమె ప్లేటు ఇంకా ఎవరూ తీయలేదు. ఇడ్లీ తునక లేదు, వడ ముక్క లేదు, చట్నీ వేలితో తుడిచి తిన్న గీతలు మాత్రం మెరుస్తున్నాయి.